పూచీకత్తా, పూచికపుల్లా?

వారంటీ అనే ఆంగ్లపదానికి తెలుగులో దీటైన మాట లేకపోలేదు. "పూచీ" అన్నది అలాంటి మాటే. అప్పు తీసుకునేవాడికి ఊళ్ళో ఒక పెద్దమనిషి పూచీ పడతాడు. బాకీదారు మొహం చాటేస్తే, పూచీ పడ్డవాడు తన గొడ్డూ గోదా అమ్మి అయినా ఆ బాకీ తీర్చవలసిందే. అంటే ఆ మాట వెనక ఒక మనిషి ఉన్నాడు, అతనికొక ఇల్లుంది, అవసరమైతే వెళ్ళి ఆ ఇంటి తలుపు తట్టవచ్చు. ఈ రోజుల్లో మనం కొనే ప్రతి యంత్రంతోనూ అట్టపెట్టెలో ఒక కాగితం వస్తుంది. దాన్ని కూడా మనం పూచీ అనే అనువదించుకుంటున్నాం. ఆ కాగితం వెనక మనిషి ఎవరు, తట్టవలసిన తలుపు ఎక్కడుంది అన్న ప్రశ్న మాత్రం వస్తువు చెడిపోయే దాకా ఎవరికీ తట్టదు.

ఈ ఆలోచనకు నన్ను పురికొల్పింది ఒక బేస్ గిటార్ యాంప్లిఫయరు. బేస్ గిటారుకూ పలమనేరుకూ ఏమిటి సంబంధమని ఆశ్చర్యపోయే చదువరుల కోసం ముందుగా కొంత చెప్పాలి.

మాది మూడు రాష్ట్రాలు ముడిపడే చోటు. తూర్పున మొగిలి కనుమ దిగితే చిత్తూరు, పడమట సాగిపోతే ముళబాగిలు, కోలారు, ఆపైన బెంగళూరు, దక్షిణాన కొండలు దాటితే గుడియాత్తం. ఈ ప్రాంతంలో పాటకూ ఆటకూ కొదవ లేదు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర, పల్లెపల్లెనా ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ దగ్గర పగలు హరికథ, రాత్రి నాటకంగా సాగే భారతాలు, అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు, దుర్యోధన వధ జరిగే రోజు - ఇవన్నీ మైకుసెట్టు లేనిదే నేడు జరగవు. జాతర రాత్రుల్లో ఆర్కెస్ట్రాలు, వినాయకచవితి పందిళ్ళలో పాటకచేరీలు, ఆదివారం చర్చిల్లో కీర్తనలు - వీటిలో కీబోర్డు, ప్యాడ్లు, వాటి పక్కన బేస్ గిటారు కూడా చాలా కాలంగా కుదురుకున్నాయి. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఈ పని మీద బతికే కుర్రవాళ్ళు ఊరికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్ళకు సంక్రాంతి దాటిన తరువాత వచ్చే నాలుగైదు నెలలే పంటకాలం. మిగతా ఏడాదంతా ఆ పంట తినడమే.

వినేవాళ్ళకు బేస్ గిటారు విడిగా వినబడదు. పాట కాళ్ళ మీద నిలబడినట్టు ఉంటుంది, అంతే. అది ఆగిపోయినప్పుడు మాత్రం ఏదో కూలిపోయినట్టు అందరికీ తెలుస్తుంది. నాలుగు తీగల బేస్ గిటారులో అతి మంద్రమైన తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటారులో అలాంటి తీగ 82 సార్లు. మన చెవి ఇంత కింది స్థాయి నాదాలను వినడంలో మందకొడిది. అందువల్ల మామూలు గిటారుకు 30 వాట్లు సరిపోయే చోట బేస్ గిటారుకు వందల వాట్లు కావలసివస్తుంది. అన్ని వాట్లు అంటే అంత వేడి, అంత అదురు. స్పీకరు పెట్టె మీదే యాంప్లిఫయరు పెట్టి గంటల తరబడి వాయిస్తే, ఆ యంత్రంలోని ప్రతి అతుకూ పాటతో పాటు వణుకుతూనే ఉంటుంది.

ఈ ఇబ్బంది ఇవాళ్టిది కాదు. నిలువెత్తు బేస్ వాద్యం డ్రమ్ముల హోరులో వినబడక పోవడం చూసి లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే విద్యుత్ వాద్యాన్ని మార్కెట్లోకి తెచ్చాడు. మరుసటి ఏడాదే దానికోసం బాస్‌మన్ అనే యాంప్లిఫయరు తయారుచేయవలసివచ్చింది. ఆంపెగ్ సంస్థ 1969లో తెచ్చిన ఎస్.వి.టి. 300 వాట్లది, 14 వాల్వులది. ఒక్కరు మోయగలిగింది కాదు. ఈనాడు అంతకన్నా ఎక్కువ వాట్లు ఇచ్చే యాంప్లిఫయరు చంకలో పెట్టుకుని బస్సెక్కవచ్చు. బరువు తగ్గింది, సంతోషం. బరువుతో పాటు మరొకటి కూడా పోయింది. ఆ పాత యంత్రాల్లో వాల్వు చెడితే పీకి ఇంకొకటి గుచ్చేవారు. పాతకాలపు రేడియోల్లో, యాంప్లిఫయర్లలో చాలావాటికి లోపల సర్క్యూటు పటం అంటించి ఉండేది. తయారీదారు తన యంత్రాన్ని తెరిచేవాడు ఒకడుంటాడని ముందే ఊహించి, వాడికోసం రాసిన ఉత్తరం లాంటిది అది. ఇప్పటి యంత్రం లోపల ఆ ఉత్తరం లేదు. బయట మాత్రం ఒక చీటీ ఉంది: "ఇది చిరిగితే వారంటీ చెల్లదు."

ఇక అసలు సంగతి. నా మిత్రుడొకడు ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయిస్తాడు. కొంత సొమ్ము, కొంత అప్పు కలిపి బెంగళూరులో ఒక కొత్త యాంప్లిఫయరు కొన్నాడు. కంపెనీ పేరూ దుకాణం పేరూ ఇక్కడ అప్రస్తుతం. ఇలాంటిది ఏ కంపెనీ వస్తువుకైనా జరగవచ్చు. ఏడాది వారంటీ. మూడు నెలలు చక్కగా పలికింది. నాలుగో నెలలో ఒక జాతర రాత్రి, కార్యక్రమం మొదలైన ముప్పావు గంటకు గొంతు మూగబోయింది. రెండు నిమిషాల తరువాత ఎవరూ ముట్టకుండానే మళ్ళీ పలికింది. మరో అరగంటకు మళ్ళీ ఆగింది.

"నిలిచిపోయిందాన్నా?" అని నేనడిగితే అతను చెప్పిన మాట ఇది: "నిలిచిపోతే బాగుండును కదన్నా. నిలిచి నిలిచి మళ్ళా పలకతా ఉంది. అదే కష్టం."

ఎంత లోతైన మాటో తరువాత గానీ నాకు బోధపడలేదు. పూర్తిగా చెడిన వస్తువుకు న్యాయం సులువు. దాన్ని బల్ల మీద పెట్టి "ఇది పలకడం లేదు" అంటే చాలు. అప్పుడప్పుడు చెడేదానికి మాత్రం సాక్ష్యం లేదు. పలమనేరు నుంచి బెంగళూరు సుమారు 140 కిలోమీటర్లు. అతను ఆ యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో తీసుకెళ్ళాడు. సర్వీసు కేంద్రంలో పది నిమిషాలు వాయించి చూశారు. పలికింది. పలకక ఏం చేస్తుంది? చల్లని గదిలో, నిలకడైన కరెంటు మీద, పది నిమిషాలు ఏ యంత్రమైనా పలుకుతుంది. "దోషమేమీ కనబడలేదు" అని రాసి ఇచ్చారు. రెండోసారి మూడు వారాలు ఉంచుకుని అదే మాట రాసి ఇచ్చారు. మూడోసారి వెళ్ళేసరికి ఏడాది నిండడానికి ఇంకా పదిరోజులుంది. వెనక్కి వచ్చేసరికి గడువు దాటిపోయింది. ఆ మూడు ప్రయాణాల రోజులూ, యాంపు లేక ఒప్పుకోలేని కార్యక్రమాలూ, అద్దెకు తెచ్చుకున్న యాంపుల డబ్బూ ఏ కాగితం మీదా లేవు. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. "ఆ పార్టీని పిలిస్తే మధ్యలో ఆగిపోతుంది" అన్న మాట ఒక పల్లెలో పుడితే చాలు, పై జాతర నాటికి అది పది పల్లెలు తిరుగుతుంది.

సర్వీసు కేంద్రం వారిది పూర్తిగా తప్పని నేననను. అప్పుడప్పుడు ఆగిపోయే యంత్రాలలో చాలావాటి దోషం అసలు యంత్రంలోనే ఉండదు. పల్లెలో జాతరనాటి రాత్రి రంగుదీపాలన్నీ ఒకే తీగ మీద వేలాడుతుంటే 230 వోల్టులు ఉండవలసిన కరెంటు దారుణంగా పడిపోతుంది. ఇప్పటి యాంప్లిఫయర్లలో చాలావాటికి తమను తాము కాపాడుకోవడానికి మూగబోయే గుణం ఉంది. 8 ఓముల స్పీకరు పెట్టెలు రెండు జతచేస్తే 4 ఓములు, మూడు జతచేస్తే సుమారు 2.7 ఓములు. హోరు పెంచాలన్న ఉత్సాహంలో మూడో పెట్టె తగిలిస్తే, 4 ఓములకు తక్కువ భరించలేని యంత్రం వేడెక్కి చేతులెత్తేస్తుంది. గిటారుకు వాడే సన్నని తీగను స్పీకరుకు వాడేవాళ్ళూ ఉన్నారు. యాంప్లిఫయరు వెనక ఎఫెక్టుల కోసం సెండ్, రిటర్న్ అని రెండు రంధ్రాలుంటాయి. ఎవరూ వాడని ఆ రిటర్న్ రంధ్రంలోని స్పర్శపలక దుమ్ముపట్టి, చిలుమెక్కి, ధ్వనిని తెంచేయడం చాలా మామూలు జబ్బు. సెండ్ నుంచి రిటర్న్‌కు ఒక చిన్న తీగ గుచ్చి చూడండి. శబ్దం తిరిగి వస్తే జబ్బు అక్కడే ఉంది. బస్సెక్కేముందు రెండు నిమిషాల్లో చేసుకోగల పరీక్ష ఇది. మా వాడు ఇవన్నీ చేసి చూశాడు. తీగ మార్చాడు, పెట్టె మార్చాడు, మరొకరి ఇంటి కరెంటు మీద పెట్టాడు. వేడెక్కితే ఆగుతోంది, చల్లారితే పలుకుతోంది. జబ్బు యంత్రం లోపలే ఉంది.

గడువు ఎలాగూ తీరింది కాబట్టి, పలమనేరులోనే పాత రేడియోలూ మైకుసెట్లూ బాగుచేసే ఒక మెకానిక్కు దగ్గరకు పట్టుకెళ్ళాడు. ఆయన చేసిన పని చాలా చిన్నది. యంత్రాన్ని విప్పి బల్ల మీద పెట్టి, సెల్‌ఫోను నుంచి పాటలు వేసి వదిలేశాడు. తన పని తాను చేసుకుంటూ ఒక చెవి దానిమీద వేసి ఉంచాడు. గంటకు పైగా గడిచాక అది ఆగింది. అప్పుడు లేచి వచ్చి, ఎండిన చెక్కపుల్లతో లోపలి భాగాల మీద ఒక్కొక్కచోటే మెల్లగా తట్టాడు. స్పీకరుకు ధ్వనిని పంపే రిలే దగ్గర తట్టగానే పాట మళ్ళీ మొదలైంది. ఆ రిలే కాళ్ళ దగ్గర అతుకులో వెంట్రుకవాసి పగులు. వేడికి సాగితే విడిపోతుంది, చల్లారితే అంటుకుంటుంది. లెడ్డు కరిగించి మళ్ళీ అతికాడు. తీసుకున్నది 300 రూపాయలు.

ఈ కథ వినగానే "చూశారా, కంపెనీ ఇంజనీరుకన్నా మన ఊరి మెకానిక్కే గొప్ప" అని చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. నేను ఆ పక్షం వాణ్ణి కాను. ఊరి మెకానిక్కు చేతిలో ప్రాణం పోయిన యంత్రాలూ ఉన్నాయి. అంతకన్నా భయంకరమైనది ఒకటుంది: స్పీకర్లలో "గుయ్"మనే రొద పోగొట్టడానికి ప్లగ్గులోని మూడో కాలు, అంటే ఎర్త్ కాలు, విరిచేయడం. మన కరెంటు 50 హెర్ట్జులది; బేస్ గిటారులోని ఒక జి స్వరం 49 హెర్ట్జులది. రొద సరిగ్గా బేస్ స్వరాల మధ్యనే కూర్చుంటుంది కనుక దాన్ని పోగొట్టాలన్న తొందర బేస్ వాయించేవాడికి మరీ ఎక్కువ. ఎర్త్ లేని యంత్రానికి తగిలించిన గిటారు తీగల మీద వేళ్ళూ, మైకు మీద పెదవులూ ఉన్నవాడి ఒంట్లోంచి కరెంటు దారి చేసుకుంటుంది. స్టోన్ ద క్రోస్ అనే స్కాట్లండు బృందపు గిటారిస్టు లెస్ హార్వీ 1972లో స్వాన్‌సీ నగరంలో వేదిక మీదే, సరైన ఎర్త్ లేని మైకును తాకి మరణించాడు. రొదకు మందు ఎర్త్ సరిచేయడమే కాని తెంచేయడం కాదు. వాల్వు యాంప్లిఫయర్లలోని కండెన్సర్లు ప్లగ్గు పీకిన తరువాత కూడా ప్రాణం తీసేటంత విద్యుత్తును దాచుకోగలవు. తెలియనివాళ్ళు వాటిని విప్పనే కూడదు.

మరి ఆ మెకానిక్కు దగ్గర ఉన్నదీ, సర్వీసు కేంద్రంలో లేనిదీ ఏమిటి? జ్ఞానం కాదు, ఆ పగిలిన అతుకు సంగతి ఆ ఇంజనీరుకు ఈయనకన్నా బాగా తెలుసు. పరికరాలు కాదు, వాళ్ళ బల్ల మీద ఉన్నవాటిలో పదోవంతు ఈయన దగ్గర లేవు. ఆయన దగ్గర ఉన్నది కాలం. ఆగిపోయే దాకా ఎదురుచూసే తీరిక. సర్వీసు కేంద్రంలో రోజుకు ఎన్ని యంత్రాలు తేల్చారన్నదే లెక్క అయినప్పుడు, గంటన్నర తరువాత వచ్చే జబ్బు కోసం గంటన్నర కూర్చునేది ఎవరు? నా మట్టుకు నాకు అర్థమైన సత్యం ఇదే: కంపెనీ మనకు అమ్మే పూచీలో విడిభాగాలున్నాయి, పనితనం ఉంది, వ్యవధి మాత్రం లేదు. పైగా ఆ వ్యవధి మనదే ఖర్చవుతుంది. యంత్రం వారి గదిలో పడి ఉన్న మూడు వారాలు కూడా మన ఏడాదిలోంచే తరిగిపోతాయి.

చట్టం ఏమంటోందో చూద్దామని కొంత తిరగేశాను. 1930 నాటి వస్తువిక్రయ చట్టంలోనే ఒక తమాషా ఉంది. అందులో "కండిషన్" వేరు, "వారంటీ" వేరు. కండిషన్ తప్పితే ఒప్పందాన్నే కాదనవచ్చు; వారంటీ తప్పితే నష్టపరిహారం మాత్రమే అడగవచ్చు. అంటే మనం గొప్పగా చెప్పుకునే వారంటీ చట్టం దృష్టిలో రెండో తరగతి మాట! కానీ అదే చట్టపు 16వ సెక్షను మరొకటి చెబుతుంది: కొనేవాడు తన అవసరమేమిటో అమ్మేవాడికి తెలియజేసి, అతని నేర్పును నమ్మి కొంటే, వస్తువు ఆ అవసరానికి పనికిరావడం అనేది చెప్పకుండానే ఒప్పందంలో ఉన్న షరతు. అందుచేత కొనేటప్పుడే "రాత్రి నాలుగు గంటల పాటు ఆరుబయట వాయించడానికి" అని చెప్పి, వీలైతే బిల్లు మీద రాయించుకోవడం వృథా కాదు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది. మావంటి ఊళ్ళవాళ్ళకు అందులో నాలుగు విషయాలు ముఖ్యం. మొదటిది, బెంగళూరులో కొన్నా బెంగళూరులోనే ఫిర్యాదు చేయనక్కరలేదు. ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోటి జిల్లా కమిషనులోనే చేయవచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. రెండవది, 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు ఫీజు లేదు. మూడవది, లోపం పరీక్షిస్తే గాని తేలదనిపిస్తే కమిషను ఆ వస్తువును ప్రయోగశాలకు పంపవచ్చు. నాలుగవది మా మిత్రుడివంటి వాళ్ళకు ప్రాణవాయువు. "వ్యాపారం కోసం కొన్నావు కనుక నువ్వు వినియోగదారుడివే కావు" అని కంపెనీల వకీళ్ళు తరచుగా వాదిస్తారు. కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొని, తానే వాడుకునేవాడు వినియోగదారుడేనని చట్టం స్పష్టంగా చెబుతోంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరిస్తూ, అద్దెకు టైపు కొట్టేవాడి టైపుమిషనునూ, తానే తోలుకునేవాడి ఆటోరిక్షానూ ఉదాహరించింది. జాతరలో వాయించేవాడి యాంప్లిఫయరు ఆ వరుసలో నిలబడదా? నిలబడుతుందనే నా నమ్మకం. కమిషను దాకా పోయే ముందు 1915 అనే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు.

ఇంత ఉన్నా చట్టం ఒక మూల మెట్టు మాత్రమే. జాతర ఈ శుక్రవారం అయితే తీర్పు వచ్చే నెలల తరువాతి మాట. పరీక్ష అవసరమైన కేసును 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టమే అంటోంది. అంటే ఒక పంటకాలం పూర్తిగా పోయినట్టే. కాబట్టి పోరాడవలసింది వారంటీ అనే ఆ కాగితంలో ఏముండాలన్న దాని మీద. నాకు తోచినవి ఇవి.

యంత్రం సర్వీసు కేంద్రంలో ఉన్న రోజులు వారంటీ గడువుకు కలవాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన మరమ్మతు ఆదేశం ఇంకా ముందుకు వెళ్ళింది: చట్టబద్ధమైన బాధ్యతా కాలంలో కొన్నవాడు మార్పిడికి బదులు మరమ్మతును ఎంచుకుంటే, అమ్మినవాడి బాధ్యత మరో 12 నెలలు పెరుగుతుంది.

"దోషం కనబడలేదు" అని రాసేవారు, ఎంతసేపు, ఎంత వేడిలో, ఎన్ని ఓముల మీద పరీక్షించారో కూడా రాయాలి. నాలుగు గంటలు వాయించడానికి అమ్మిన వస్తువును పది నిమిషాలు పరీక్షించి నిర్దోషి అనడం, జ్వరం లేని వేళ చూసి రోగం లేదన్నట్టుంటుంది.

సర్క్యూటు పటాలూ విడిభాగాలూ బయటి మెకానిక్కులకు అమ్మాలి. మన కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు కోసం 2022 జూలైలో ఒక సంఘం వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టలు తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళూ ఎలక్ట్రానిక్ సాధనాలూ, గృహోపకరణాలు, వాహనాలు - అని నాలుగు రంగాలు ఎంచుకుంది. వాద్యాలూ మైకుసెట్లూ వీటిలో విడిగా లేవు. వాటిమీద బతికేవాళ్ళు మన పల్లెల్లో ఇంతమంది ఉన్నారని ఢిల్లీకి ఎవరు చెప్పాలి?

ఇక ఆ చీటీ సంగతి. అమెరికాలో 1975 నాటి చట్టం ఆధారంగా అక్కడి వాణిజ్య సంఘం 2018లో ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. బయటివాళ్ళ చేత బాగుచేయించినంత మాత్రాన, బయటి విడిభాగం వాడినంత మాత్రాన వారంటీ పోతుందని బెదిరించడం చెల్లదన్నది ఆ లేఖల సారాంశం. మన దగ్గర ఆ చీటీకి భయపడే మా మిత్రుడు ఎనిమిది నెలలు ఆ యంత్రాన్ని పలమనేరులో ఎవరికీ చూపించలేదు. 300 రూపాయల పనిని ఆపింది ఆ అంగుళం కాగితం.

"ఏడాదికి పది యంత్రాలు కూడా అమ్ముడుపోని ఊళ్ళో సర్వీసు కేంద్రం పెట్టమంటారా?" అని కంపెనీవారు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కేంద్రం అక్కరలేదు. ఉన్న మెకానిక్కునే గుర్తించండి. రెండు రోజులు శిక్షణ ఇవ్వండి, పటం ఇవ్వండి, పరీక్షించిన ప్రతి గంటకూ కూలి ఇవ్వండి. యంత్రాన్ని బెంగళూరుకు రప్పించి, మూడు వారాలు అరలో ఉంచి, తిరిగి పంపడానికయ్యే ఖర్చుకన్నా అది ఎక్కువ కాదని నా అంచనా. మెకానిక్కు చెడగొడితే? గుర్తింపు పొందినవాడు చేసిన పనికి బాధ్యత ఉంటుంది; దొంగచాటుగా చేసిన పనికే ఉండదు.

కొనేవాళ్ళకు కూడా కొన్ని బాధ్యతలున్నాయి. పన్ను మిగులుతుందని బిల్లు లేకుండా కొనే అలవాటు మన ప్రాంతంలో బలంగా ఉంది; బిల్లు లేనివాడికి ఏ చట్టమూ దిక్కు కాదు. యంత్రం ఆగిన ప్రతిసారీ సెల్‌ఫోనులో వీడియో తీయండి, ఆ క్షణంలో వోల్టేజి ఎంతుందో మీటరు పెట్టి అందులోనే చూపించండి. దుకాణంవాడితో ఫోనులో మాట్లాడిన మాట గాలికి పోతుంది. అదే మాట రెండు వాక్యాలుగా రాసి పంపితే తేదీతో సహా మిగులుతుంది. అప్పుడప్పుడు ఆగే యంత్రానికి సాక్ష్యం లేదన్నాను కదా, ఆ సాక్ష్యాన్ని మనమే పోగుచేసుకోవాలి.

ఇదంతా చదివి, ఒక గిటారు డబ్బా కోసం ఇంత రామాయణమా అనుకునేవారుంటారు. డబ్బా పేరు మార్చి చూడండి. రైతు ఇంట్లో మోటారు స్టార్టరు, పాలవాడి దగ్గర వెన్న కొలిచే యంత్రం, దర్జీ దగ్గర కుట్టుమిషను మోటారు - కథ అక్షరం మారదు. నగరంలో ఉన్నవాడికి చెడిన వస్తువు ఒక చికాకు. దానిమీద బతికేవాడికి, నూరు కిలోమీటర్ల అవతల ఉన్నవాడికి, అది పస్తు. ఇద్దరికీ ఒకే కాగితం ఇచ్చి ఒకే ధర తీసుకుంటున్నారు. ఒకరికది పూచీకత్తు, ఇంకొకరికి పూచికపుల్ల.

పెద్ద వస్తువు కొనేముందు మనం ధర అడుగుతాం, ఎన్ని వాట్లని అడుగుతాం, ఎన్నేళ్ళ వారంటీ అని అడుగుతాం. ఇకమీదట వీటికన్నా ముందు ఇంకొక ప్రశ్న అడగడం అలవాటు చేసుకుందాం: "ఇది ఆగితే, మా ఊళ్ళో ఎవరి తలుపు తట్టాలి?" పదిమంది అడిగితే దుకాణంవాడు నవ్వుతాడు. వెయ్యిమంది అడిగితే కంపెనీవాడు జవాబు వెతుక్కుంటాడు.